మన లెక్క మన చేతిలో



మన తాతలకూ లెక్క ఉండేది. అది దొర ఇంటి పుస్తకంలో ఉండేది. అంకె వాళ్లది, వేలిముద్ర మనది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అప్పుల పుస్తకం మాత్రం ఇప్పటికీ మన చేతికి రాలేదు.

నెల జీతగాళ్ల బడ్జెట్ మనకు కుదరదు. నాట్లకు, కోతలకు కూలి ఉంటది, ఎండాకాలం ఖాళీ. ఏడాది మొత్తం ఎంత కూలి వచ్చిందో రాసి, పన్నెండుతో భాగిస్తేనే మన నెల ఆదాయం తేలుతది. కోతల నెల చూసి ఖర్చు పెడితే ఎండాకాలం మళ్లీ అప్పే.

ఇక ఖర్చులు. బియ్యం, నూనె రాస్తాం. చుట్టాల పెళ్లి చదివింపులు, ఆర్.ఎం.పి. సూదిమందు రాయం. తాగుడు ఖర్చు మగవాళ్లు రాయనివ్వరు! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది అక్షరాలు దిద్దుకుంటూనే. అందుకని అదీ రాయాల్సిందే.

వడ్డీకి వేరే పేజీ. నూటికి 3 రూపాయలంటే చిన్నమాటే అనిపిస్తది. పదివేలకు నెలకు 300, ఏడాదికి 3,600. మూడేళ్లలో 10,800 కట్టేస్తాం, అసలు అట్లనే ఉంటది. రాత్రిబడిలో ఈ లెక్క బోర్డు మీద వేసినరోజు మేమెవరం కాసేపు మాట్లాడలేకపోయాం.

వచ్చే మీటింగుకు ఇంటికో నోటుబుక్కు తేవాలి. రాయడం రాకపోతే బడికి పోయే బిడ్డతో రాయించండి. బాకీ కట్టినప్పుడల్లా తేదీ వేసి, తీసుకున్నాయన సంతకం అడగాలి. ఒక్కరు పోతే కసురుకుంటారు. పదిమందిమి కలిసే పోదాం.