గుడ్డును తిప్పాలా, వద్దా?

(కొలకలూరులో సంఘం జరిపిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

నేను హాస్టల్ వార్డెన్ని. గుడ్డంటే నాకు ముందు లెక్క గుర్తొస్తుంది: ఎన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి, ఎవరికి అందలేదు. అనుమానం వస్తే మా వంటమ్మ గుడ్డును నీళ్లలో వేసి చూస్తుంది. తాజాది అడుగున పడుకుంటుంది, కాస్త పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. పెంకుకు కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. వాటిగుండా లోపలి తడి ఆరేకొద్దీ గుడ్డులోని గాలి గది పెద్దదవుతుంది. ఈ కారణం నేను ట్రైనింగులో చదువుకున్నాను. వంటమ్మకు చదవకుండానే పని తెలుసు.

మన ఇళ్లలో ఇలాంటి తెలివి చాలా ఉంది. దాన్ని బడిలో చెప్పాలంటే మన పిల్లలకు సిగ్గు. మా హాస్టల్ అమ్మాయి ఒకతె, ఎనిమిదో తరగతి, సైన్సు క్లాసులో లేచి "పాములన్నీ గుడ్లు పెట్టవు సార్, రక్తపింజర పిల్లల్నే కంటుంది" అన్నది. నూటికి నూరుపాళ్లు నిజం. వెనక బెంచీలోంచి ఎవరో "ఎలకలు పట్టేవాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మళ్లీ ఆ పీరియడ్‌లో నోరు తెరవలేదు.

ఆ అన్నవాడు ఎగతాళికి అన్నా ఉన్నమాటే అన్నాడు. నాగుపాము ఎక్కువగా ఎలుక కలుగుల్లో, చెదపుట్టల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చేదాకా, దాదాపు రెండు నెలలు, ఆ దగ్గర్లోనే ఉంటుంది. వరి కోతలయ్యాక ఎలుక దాచిన గింజల కోసం కలుగు తవ్వే మన యానాది తాతకు, లోపల ఎవరున్నారో బయట మట్టి చూసి తెలియాలి. తెలియకపోతే ప్రాణం పోతుంది. పరీక్షలో ఫెయిలైతే మళ్లీ రాసుకోవచ్చు, అక్కడ ఆ వీలు లేదు!

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. గుడ్డును తిప్పాలా, వద్దా?

పొదుగు మీద కూర్చున్న కోడిని గమనించండి. రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిండం లోపలి పొరకు అతుక్కుపోయి చస్తుంది. డెల్టా పొలాల్లో మందలుగా తిరిగే బాతులు గుడ్లు పెట్టి పోతాయి, పొదగడం వాటికి పెద్దగా పట్టదు. అందుకే వాటి గుడ్లు కూడా కోడి కిందే పెడతారు. తన గుడ్లకైతే 21 రోజులు చాలు. బాతు గుడ్లకు 28 రోజులు కావాలి. పాపం, ఆ కోడి మరో వారం కూర్చుంటుంది.

సముద్ర తాబేలు సంగతి తలకిందులు. బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకలో అడుగున్నర లోతు గొయ్యి తీసి, నూరు దాకా గుడ్లు పెట్టి, కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ వచ్చి చూడవు. కొద్ది గంటల్లోనే పిండం గుడ్డు పైభాగాన పొరకు అతుక్కుంటుంది. దానికి అదే బతుకు. ఆ తర్వాత గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా గుడ్లను కంచె లోపలికి మార్చేవాళ్లు అందుకే త్వరగా, ఏది పైన ఉందో అదే పైన ఉండేలా మారుస్తారు. లోతు కూడా తల్లి తవ్వినంతే ఉండాలి. ఇసుక వేడెక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగవి ఎక్కువ. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి.

ఈ పనిలో మొదటి మెట్టు గుడ్లు ఎక్కడున్నాయో కనిపెట్టడం. తెల్లవారుజామున ఇసుక మీద జాడ చూసి, తల్లి ఎటు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఉత్తినే తవ్వి పోయిందా, నిజంగా పెట్టిందా చెప్పగలగాలి. జాడ చదవడం మనవాళ్లకు ఎవరు నేర్పాలి?

ఇలాంటి తెలివికి కూలి కట్టిన చోటు ఒకటుంది. మద్రాసు దగ్గర ఇరుళ సోదరులు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పట్టి, విషం తీసి, పామును మళ్లీ వదిలేస్తారు. పాముకాటు మందు ఆ విషంతోనే తయారవుతుంది. 2023లో ఇరుళ పాములవాళ్లు వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లకు పద్మశ్రీ వచ్చింది. మన జిల్లాల్లో తాబేళ్ల కాపలాకు, పాములు పట్టి అడవిలో వదిలే పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు మన పిల్లల పేర్లు ముందుండాలని సంఘం తరఫున అర్జీ పెడదాం. పదో తరగతి సర్టిఫికెట్ పక్కన తాత దగ్గర నేర్చిన పనిని కూడా రాయమని అడుగుదాం.

ఒక హెచ్చరిక. తాబేలు గుడ్లు, ఉడుము గుడ్లు తినడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. ఎవరైనా డబ్బు ఆశ చూపి తెమ్మంటే, పట్టుబడేది తెచ్చిన మీరే, తెప్పించినవాడు కాదు.

సంక్రాంతి వెళ్లాక అటవీశాఖ అనుమతి తీసుకుని సూర్యలంకకు వెళ్దాం. జాడ చూడగల పెద్దవాళ్లను ఇంటికొకరిని తీసుకురండి, దారి ఖర్చు నేను అడిగి చూస్తాను. దుప్పట్లు తెచ్చుకోండి, టార్చిలైట్లు మాత్రం వద్దు, తెల్ల వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. ఎర్ర కాగితం చుట్టిన లైటు ఒకటి నా దగ్గరుంది.