కొండబడి పంతులుకు ఒక ఏడాది



అరకులో సభ అంటే అధ్యక్షుడు ముందుగా లోయ అందాన్ని వర్ణించాలి. ఆ పని కిటికీలకు వదిలేసి నేను సెలవు గురించి మాట్లాడతాను. క్యాజువల్ లీవు గురించి కాదు, కొన్నేళ్ల కొలువు తర్వాత చదువుకూ పరిశోధనకూ ఇచ్చే సబాటికల్ గురించి. 1880లో హార్వర్డ్ మొదలుపెట్టిన ఈ పద్ధతి మన విశ్వవిద్యాలయాలకూ వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల్లో, ఏడేళ్లు పనిచేసిన అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ స్థాయి వారికి ఒక దఫా ఏడాది, సర్వీసు మొత్తంలో రెండేళ్లు మించకుండా ఇది దొరుకుతుంది. బడిపంతులుకు ఉన్నది స్టడీ లీవు. అది పట్టా కోసం. పట్టా రాని చదువుకు సెలవు లేదు.

పట్టా రాని చదువు ఎలాంటిదో గిడుగు రామమూర్తి గారిని చూస్తే తెలుస్తుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన సవర భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. రాతలేని భాషను చెవితో పట్టుకోవాల్సిన మనిషికి ఆ చెవులే దెబ్బతిన్నాయి. 1911లో ఉద్యోగం విరమించారు. సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు. దీన్ని మనం త్యాగమని పొగుడుతాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. నాకు మాత్రం ఇందులో ఒక విద్యాశాఖ చేసిన దుబారా కనిపిస్తుంది. నలభై ఏళ్ల వయసులో ఆయనకు జీతంతో రెండేళ్లు ఇచ్చి ఉంటే ఏమయ్యేది?

ఈ అరకు ప్రాంతపు కొండ భాషనే చూడండి. కూబి అని కూడా అంటారు. దాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇక్కడివాళ్ల నోట విని రాసుకున్నారు. ఆ పుస్తకం 1969లో వచ్చింది. ఆయన ప్రతిభకు వంక పెట్టడం లేదు. పరిశోధన కూడా ఉద్యోగంలో భాగమే అనుకునే చోట ఆయన పనిచేశారు. బ్రౌన్ దొర సంగతి మరీ విచిత్రం. 1834లో కొలువు పోయి లండన్ చేరాకే ఇండియా హౌస్‌లో పడి ఉన్న దక్షిణాది రాతప్రతులకు పట్టిక తయారుచేశాడు. ఉద్యోగం పోతే గాని తీరిక దొరకదన్నమాట!

సబాటికల్ అనగానే పోడు చెక్కను కొన్నేళ్లు బీడు పెట్టడంతో పోల్చాలనిపిస్తుంది. బీడు తనంతట తానే తేరుకుంటుంది, పంతులు తేరుకోడు. నేను అడుగుతున్నది విశ్రాంతి కాదు, వేరే పని. సంతలో అల్లం, పసుపు లెక్క నోటితో చెప్పే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు నోరు మూసుకుంటుంది. ఇంట్లో ఆమె మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చింది, మంచి పని చేసింది. కానీ పుస్తకం ఎంత మంచిదైనా ఆ భాష రాని పంతులు చేతిలో మూగదే. ఆ భాష ఆదివారాల్లో రాదు, గూడెంలో ఉండాలి.

ఇక అభ్యంతరాలు. సెలవిస్తే విశాఖలో ప్లాట్లు అమ్ముకుంటారన్నది మొదటిది. కొందరు అమ్ముతారు, సెలవు లేకుండానే అమ్ముతున్నవాళ్లూ ఉన్నారు. ఏడాది చివర గూడెం పెద్దల ముందు ఆ భాషలో మాట్లాడి చూపించాలనే నియమం పెడితే చాలు.

ఏకోపాధ్యాయ బడి సంగతేమిటన్నది అసలైన అభ్యంతరం. పంతులు వెళితే తలుపుకు తాళమే. అందుకే బదులు మనిషి లేనిదే సెలవు మంజూరు కాకూడదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చదివిన మన యువతకు ఆ దెబ్బ ఇంకా మానలేదు. బదులు మనిషిగా వాళ్లే రావాలి. పిల్లల భాష వాళ్లకు ముందే వచ్చు. బహుశా పంతులు తిరిగి వచ్చేసరికి బడి మెరుగుపడే ఉంటుంది!

డబ్బు మాటకు వస్తే, కెనడాలో చాలాచోట్ల టీచర్లు నాలుగేళ్లు ఐదింట నాలుగు వంతుల జీతమే తీసుకుంటారు. మిగిలిన వంతు జమ అయి ఐదో ఏడు సెలవు జీతమవుతుంది. నెలకు యాభై వేలు వచ్చే మనిషి పదివేలు వదులుకుంటే, ఐదో ఏడంతా నెలకు నలభై వేలు వస్తాయి. ఆ ఏటి అసలు జీతం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, బదులు మనిషికి అందులోంచే ఇవ్వవచ్చు. అప్పులున్న పంతులుకు ఇది కష్టమే, తెలుసు. భాష నేర్చుకునేవారికైనా సర్కారు సగం భరించాలి.

మిగతా ఉద్యోగుల సంగతి చూస్తే, పీహెచ్‌సీ డాక్టర్లకు ఇన్‌సర్వీసు కోటాలో పీజీ చదివే దారి ఉంది. నర్సులకు, అటవీ సిబ్బందికి ఏముందో మధ్యాహ్నం వాళ్ల ప్రతినిధులే చెబుతారు. పాడేరు ఐటీడీఏకు పంపాల్సిన తీర్మానం ముసాయిదా మీ చేతుల్లో ఉంది. అందులో బదులు మనిషి నియామకం నాలుగో అంశంగా పడింది. దాన్ని మొదటికి తెచ్చాకే ఓటుకు పెడదాం.