సంతకం పెట్టే ముందు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నాయకత్వం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మా ఇద్దరు లీడర్లలో పెద్ద చదువు అంటే పదో తరగతే. పెద్ద పెద్ద మాటలు మాకు రావు. సంఘం నడిపేటప్పుడు మాకు ఎదురైనవీ, దానికి మేము పెట్టుకున్న పద్ధతులూ మాత్రం చెప్పగలం.

లీడరంటే ఎవరు? బ్యాంకు లెక్కలో లీడరంటే సంతకం ఉన్న మనిషి. సంఘం ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఆ సంతకం కావాలి. పది మందీ కూలికి పోయి, పాలు పోసి, మిషను కుట్టి దాచుకున్న సొమ్ము ఆ సంతకం మీద కదులుతుంది. ఆ సంతకం మన చేతిదే గానీ మన సొంతం కాదమ్మా. పది మంది నమ్మి మన దగ్గర దాచుకున్నది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మన ముందు తరం ఆడవాళ్లను ఒకసారి తలుచుకుందాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు పదవులు చూసుకుని ముందుకు రాలేదు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, తమ బతుకుల గురించి తామే మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయి, పిల్లల కంచంలో మెతుకులు ఎందుకు ఉండటం లేదు అని ఆలోచించుకున్నారు. ఆ తర్వాతే సారా దుకాణం మీదికి నడిచారు. దూబగుంట రోశమ్మ గారి పేరు మనందరికీ తెలిసిందే. ఆ పోరాటం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవకపోయినా, ఆ జిల్లాలోనే రోజుకు ఒక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. మన సంఘాలకు అవే వేర్లు. ముందు కూర్చుని ఆలోచించుకున్నారు, తర్వాత లేచారు. ఆ వరస మనం మరిచిపోకూడదు.

మరి ఇప్పుడు మనం ఎలా ఉన్నాం? పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. పైనుంచి ఎవరైనా వస్తే లేచి నిలబడి గడగడా అప్పజెప్తాం. కానీ కొన్నిచోట్ల నాలుగు వారాల మీటింగులు ఒక్క పూటలో రాసేస్తున్నారు. మనుషులు మీటింగుకు రారు, మినిట్స్ పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. సారు ముందు ఒక సంఘం, మన ఊళ్లో ఇంకో సంఘం ఉంటే అది ఎన్నాళ్లో నిలవదు. ఎవరున్నా లేకున్నా ఒక్క తీరుగా ఉండటమే లీడరుకు మొదటి గుణం.

మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్తాం. బ్యాంకు లింకేజీ కింద 10 లక్షలు లోను వచ్చింది. సభ్యులం పది మందిమి. 'తలా ఒక లక్ష తీసుకుంటే గొడవే ఉండదు' అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మాలో ఒకామె ఒంటరి మనిషి, వేలిముద్ర వేస్తుంది. ఆమెకు లక్షతో పని లేదు, రెండు మేకలు కొనుక్కోవడానికి 20 వేలు చాలు. మిగతా 80 వేలు ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక ఇంటికి ఇప్పించండి, కంతులు వాళ్లే కట్టుకుంటారు అని మాట నడిచింది. ఆమె కూడా 'పెద్దోళ్లు అడిగారు, కాదంటే ఎట్లమ్మా' అంది.

తీర్మానం రాసేస్తే ఆ రోజుకు అందరూ సంతోషంగా ఇళ్లకు పోయేవాళ్లు. కానీ అప్పు మాత్రం ఆమె పేరు మీదే ఉంటుంది. వాళ్లు రెండు కంతులు తప్పితే అడిగేది ఆమెనే. ఆమె మేకలు అమ్ముకోవాల్సి వస్తుంది. సంఘం బాకీ పడితే వడ్డీ రాయితీ పోతుంది, వచ్చే లోను ఆగుతుంది. మేము సంతకం పెట్టలేదు. ఆమె ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, నెలకు ఎంత వస్తుంది, ఎంత కట్టగలవు అని లెక్క వేసి చూపించాం. తర్వాత మళ్లీ మీటింగు పెట్టి ఒక్కొక్కరి అవసరం, ఆదాయం, కట్టుకునే శక్తి రాసుకున్నాం. సూక్ష్మ రుణ ప్రణాళిక అంటే అదే గదా! పాడి గేదెలకు ఒకరికి లక్షా 80 వేలు, బట్టల వ్యాపారానికి ఒకరికి లక్షా 50 వేలు, పిల్లల ఫీజులకు ఒకరికి 50 వేలు, మేకలకు ఆమెకు 20 వేలు, మిగతా ఆరుగురికి తలా లక్ష ఇచ్చాం.

దానికి మాకు చప్పట్లు కొట్టలేదు. ఆ ఇంటివాళ్లు రెండు నెలలు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. సంఘంలోనే ఇద్దరు 'మీకెందుకమ్మా అంత పంతం' అన్నారు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నామంటే, కొత్తగా లీడర్లయిన చెల్లెళ్లు తెలుసుకోవాలి. న్యాయంగా ఉంటే కొన్నాళ్లు ఒంటరిగా ఉండాల్సి వస్తుంది. ఓర్చుకోవాలి.

ఆ తర్వాత మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం.

మొదటిది, పుస్తకం అందరి మధ్య ఉండాలి. మీటింగు అయిపోయే ముందు ఆ రోజు ఎవరు ఎంత కట్టారు, బ్యాంకులో ఎంత ఉంది అని గట్టిగా చదువుతాం. సభ్యుల పాసుపుస్తకాలు సభ్యుల ఇళ్లలోనే ఉంటాయి, లీడరు బీరువాలో కాదు. బ్యాంకు మెసేజ్ ఒక్క ఫోనుకే వస్తుంది కాబట్టి, రాగానే దాన్ని అందరికీ చెప్పాలని తీర్మానం రాసుకున్నాం.

రెండోది, లీడరు సొంత అప్పు మాట వచ్చినప్పుడు ఆ లీడరు పక్కకు పోయి కూర్చోవాలి. మినిట్స్ ఇంకొకరు రాయాలి. మన ఎదురుగా మనకు కాదని చెప్పడం ఎవరికైనా మొహమాటమే.

మూడోది, సంఘం పని సంఘం వాళ్లే చేయాలి. ఇంట్లో మగవాళ్లు బండి మీద దింపితే మంచిదే, బ్యాంకు లోపల మాట్లాడేది మాత్రం మనమే. మొదట్లో చేతులు వణుకుతాయి. పది సార్లు పోతే అదే అలవాటవుతుంది.

నాలుగోది, మీటింగు అయ్యాక మేమిద్దరం ఓ పది నిమిషాలు ఆగుతాం. ఈ రోజు ఎవరు నోరు తెరవలేదు? ఎవరి మాట మనం మధ్యలో ఆపేశాం? ఈ నిర్ణయం వల్ల ఎవరికి ఇబ్బంది? ఈ మూడూ మాట్లాడుకుంటాం. ఆ వారం మాట్లాడని ఆమె ఇంటికి ఒకసారి పోయి వస్తాం. చాలాసార్లు అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

అయిదోది, రెండేళ్లకోసారి లీడర్లు మారాలని రాసుకున్నాం. ఇప్పటి నుంచే ఇంకో ఇద్దరికి పుస్తకం రాయడం, బ్యాంకు పని నేర్పిస్తున్నాం. మనం దిగిపోయిన మర్నాడు కూడా సంఘం అలాగే నడిస్తే, మనం బాగా చేసినట్టు.

సభ్యులకు కూడా ఒక మాట. అడగండమ్మా! లెక్క అడిగితే లీడరును అవమానించినట్టు కాదు. అడిగేవాళ్లు ఉంటేనే లీడరు నిటారుగా నడుస్తుంది. 'మా వదినే గదా లీడరు, ఏం అడుగుతాం' అనుకోవద్దు. వదినయినా, అత్తయినా, సంఘంలో కూర్చున్నప్పుడు లెక్క లెక్కే.

వచ్చే మీటింగులో మీ మీ సంఘాల్లో ఈ ఒక్క పని చేయండి. పుస్తకం తెరిచి, మొదటి వరస నుంచి చివరి వరస దాకా అందరికీ వినబడేలా చదివించండి. అక్షరం రాని ఆమెకు కూడా తన అప్పు ఎంతో, తన పొదుపు ఎంతో చెవిన పడాలి. అది అయ్యాకే సంతకాలు పెట్టండి.