క్రీట్ ట్రిప్ ప్లాన్: పిన్నులు తగ్గించండి, రాత్రులు లెక్కపెట్టండి

ఈరోజు మనం మాట్లాడుకోబోయేది క్రీట్ గురించి. గ్రీస్‌లో అన్నిటికన్నా పెద్ద దీవి ఇది. మధ్యధరా సముద్రం మొత్తంలో చూస్తే ఐదోది. దీనికంటే పెద్దవి సిసిలీ, సార్డీనియా, సైప్రస్, కోర్సికా.

టాపిక్ ఎలా వచ్చిందంటే, ఒక సబ్‌స్క్రైబర్ తమ్ముడు ఎక్సెల్ షీట్ పంపాడు. "అన్నా, పది రోజుల లీవ్ దొరికింది. అమ్మని తీసుకెళ్తున్నా, తనకి ఫస్ట్ ఫారిన్ ట్రిప్. ఒకసారి చెక్ చేయవా?" అన్నాడు. ఓపెన్ చేశా. ఏథెన్స్ ఒక రోజు, మైకొనోస్ రెండు, శాంటొరిని రెండు, క్రీట్ మూడు. క్రీట్‌లో ఆ మూడు రోజుల్లోనే ఎలఫొనిసి, బాలోస్, సమరియా లోయ, క్నోసోస్, స్పినలోంగా. అన్నీ అయ్యాక షీట్ చివర ఒక లైన్: "అమ్మకి మోకాళ్ళ నొప్పి ఉంది."

బాబూ, ఆ లైన్ చివర కాదు, మొదట రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు కదా, రిక్వైర్‌మెంట్ చివర్లో చెప్తే ప్రాజెక్ట్ ఏమవుతుందో. ఇక్కడ పోయేది అమ్మ మోకాళ్ళు, ఏడాది పాటు దాచిన డబ్బు.

ముందు సైజు చూద్దాం. ఫోన్‌లో జూమ్ అవుట్ చేస్తే క్రీట్ చిక్కుడుకాయంత కనిపిస్తుంది. నిజానికి ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 260 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ. మధ్యలో కొండలు. ప్సిలోరీటిస్ శిఖరం 2,456 మీటర్లు. ఉత్తర తీరం వెంబడి మెయిన్ రోడ్డు ఉంటుంది. దక్షిణానికి పోవాలంటే చాలాచోట్ల కొండ ఎక్కి దిగాల్సిందే. పడమర ఖానియా నుంచి మధ్యలో ఉన్న హెరాక్లియన్‌కి 140 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలకు కాస్త తక్కువ. ఖానియా నుంచి ఎలఫొనిసి బీచ్ 75 కిలోమీటర్లే, కానీ మలుపుల దారి. పోను రాను కలిపి ఆ రోజు దానికే సరి.

అందుకే నా మొదటి రూల్: చూడాల్సిన చోట్లు కాదు, పడుకునే రాత్రులు లెక్కపెట్టండి. పది రోజుల్లో పోను ఒక రోజు, రాను ఒక రోజు తీసేయండి. చేతిలో మిగిలేది ఏడు రాత్రులు అనుకుందాం. ఏడు రాత్రులకి రెండు హోటళ్ళు చాలు. హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు సర్దుకోవడానికి, చెక్ ఇన్‌కి పోతుంది. తమ్ముడి షీట్‌లో నాలుగు చోట్ల హోటల్ ఉంది. పైగా దీవుల మధ్య ఫెర్రీలు. ఎండాకాలంలో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరగాలి వీస్తుంది. గాలి గట్టిగా ఉంటే ఫెర్రీలు లేట్ అవుతాయి, ఒక్కోసారి క్యాన్సిల్ కూడా. ఒకటి ఆగితే వెనకాల బుకింగ్స్ అన్నీ కూలిపోతాయి.

కాబట్టి మైకొనోస్, శాంటొరిని తీసేశాం. ఖానియాలో నాలుగు రాత్రులు, హెరాక్లియన్‌లో మూడు. రెండు ఊళ్ళకీ ఎయిర్‌పోర్ట్ ఉంది. ఏథెన్స్ మీదుగా ఖానియాలో దిగి, హెరాక్లియన్ నుంచి వెనక్కి ఎక్కితే వచ్చిన దారే మళ్ళీ తిరగక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాయింట్, సమరియా లోయ. రీల్స్‌లో సూపర్ ఉంటుంది. నిజంగానే సూపర్. కానీ అది 16 కిలోమీటర్ల నడక. ఒమాలోస్ దగ్గర 1,200 మీటర్ల పైన మొదలై, కింద అయా రూమెలి అనే ఊళ్ళో సముద్రం దగ్గర తేలుతుంది. ఐదు నుంచి ఏడు గంటలు, అంతా రాళ్ళు, ఎక్కువగా దిగుడు. మోకాళ్ళ మీద భారం పడేది దిగేటప్పుడే. మధ్యలో "ఇంక నావల్ల కాదు" అంటే ఆటో రాదు. అయా రూమెలికి కారు రోడ్డే లేదు. అక్కడి నుంచి ఫెర్రీ ఎక్కి సూయా గానీ, హోరా స్ఫాకియోన్ గానీ చేరి, అక్కడ బస్సు పట్టాలి. పార్క్ మామూలుగా మే నుంచి అక్టోబర్ దాకా తెరుస్తారు. వాన, విపరీతమైన ఎండ ఉన్న రోజుల్లో మూసేస్తారు.

అమ్మతో అయితే లోయ మానేయాలా? అక్కర్లేదు, తిరగేయండి. హోరా స్ఫాకియోన్‌లో ఫెర్రీ ఎక్కి నేరుగా అయా రూమెలికి వెళ్ళండి. కొండలు, సముద్రం ఫెర్రీలోంచే చూడొచ్చు. కింద నుంచి లోయలోకి నడవగలిగినంత నడిచి వెనక్కి రండి. అమ్మ ఒడ్డున చెట్టు నీడలో కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. అదీ హాలిడేనే.

ఎలఫొనిసి మాత్రం తనకి భలే నచ్చుతుంది. నీళ్ళు మోకాలి లోతు, అక్కడక్కడా గులాబీ రంగు ఇసుక. బాలోస్‌కి కారులో వెళ్తే చివర్లో మట్టిరోడ్డు, ఆ పైన కొండ దిగి నడక. ఆ రోడ్డు మీద డ్యామేజ్ అయితే చాలా రెంటల్ కంపెనీల ఇన్సూరెన్స్ వర్తించదు. కిస్సమోస్ నుంచి బోట్ తీసుకోండి. ఈ రెండూ ఒకే రోజు పెట్టకండి.

హెరాక్లియన్‌కి వచ్చాక క్నోసోస్ ఐదు కిలోమీటర్లే, సిటీ బస్సు ఉంది. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్ళండి. 1900లో ఆర్థర్ ఈవాన్స్ తవ్వకాలు మొదలుపెట్టాడు, తర్వాత చాలా భాగాలు కాంక్రీట్‌తో కట్టించాడు. ఆ ఎర్ర స్తంభాలు చూసి "నాలుగు వేల ఏళ్ళ నాటివి" అని స్టేటస్ పెట్టకండి. అసలు వస్తువులు ఊళ్ళో మ్యూజియంలో ఉన్నాయి. ఫైస్టోస్ డిస్క్ అక్కడే ఉంది. దాని మీద రాత ఏంటో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. కోడింగ్ చేసేవాళ్ళు దాని ముందు రెండు నిమిషాలు ఎక్కువే నిలబడతారు.

స్పినలోంగా ఇంకా తూర్పున ఉంది. 1957 దాకా కుష్ఠు రోగులను ఉంచిన చిన్న దీవి అది. ఒక రోజు మిగిలితేనే వెళ్ళండి. ఒక రోజు కావాలనే ఖాళీగా ఉంచండి. గాలి వచ్చినా, అమ్మ అలిసిపోయినా ఆ బఫరే మిమ్మల్ని కాపాడేది.

ఇక పేపర్ పని, ఫాస్ట్‌గా చెప్తా. షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు పట్టొచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఫీజు 90 యూరోలు, రిజెక్ట్ అయితే తిరిగి రాదు. అందుకే వీసా చేతికొచ్చేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న హోటళ్ళే బుక్ చేయండి. "ఈరోజే లాస్ట్ ఆఫర్" అని నాన్ రిఫండబుల్ కొనకండి.

కారు తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. వచ్చిన రోజు రాత్రే, నిద్ర లేకుండా, కొత్త వైపు నడపొద్దు. ప్లీజ్. ఆ రాత్రికి టాక్సీ, మర్నాడు కారు.

తిండి సంగతి. వెజ్ వాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోండి: నిస్తీసిమో. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసాల్లో తినే తిండి. మాంసం, పాలు, గుడ్డు ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ వాళ్ళ ఉపవాసంలో నడుస్తాయి, అవి కూడా వద్దని చెప్పండి. పాల పదార్థాలు ఓకే అయితే డాకోస్ తినండి. ఎండు బార్లీ రొట్టె మీద టమాటా, చీజ్, ఆలివ్ నూనె. ఆవకాయ చిన్న సీసా పెట్టుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు, మూత గట్టిగా ఉందో లేదో చూసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే మే, జూన్, లేదా సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్య దాకా. జూలై, ఆగస్టులో ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే.

మొత్తం మీద చెప్పేది ఒక్కటే. మీతో వచ్చేవాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరో చూడండి. ప్లాన్ వాళ్ళ స్పీడ్‌కి కట్టండి. మీ షీట్ ఉంటే కామెంట్‌లో పెట్టండి, కానీ మొదటి లైన్‌లో చోట్ల పేర్లు వద్దు. ఎవరెవరు వస్తున్నారు, ఎన్ని రాత్రులు, అది రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.