‘లిపి లేని భాష’ అనే మాటకు నా అభ్యంతరం
(స్మారకోపన్యాసం)



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి విద్వత్తు గురించీ, ఆయన తయారుచేసిన శిష్యుల గురించీ నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్క సంగతి. అది ఆయన గొప్పతనం కంటే నా తప్పు గురించి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. గోదావరి ఒడ్డున ఒక కోయ గూడెంలో రెండు గదుల బడి. ఒక మధ్యాహ్నం పలక పగిలి కింద పడి ఉంది. ఎవడు పగలగొట్టాడని గద్దించాను. రెండో తరగతి పిల్లవాడు లేచి నిలబడి ‘నన్న’ అన్నాడు. తప్పు తండ్రి మీదికి తోస్తున్నాడనుకుని మళ్లీ అడిగాను. మళ్లీ ‘నన్న’ అన్నాడు. అబద్ధానికి తోడు మొండితనం కూడానా అని చెయ్యి చాపమని రెండు దెబ్బలు వేశాను. పక్కగదిలోంచి మాస్టారు వచ్చి బెత్తం నా చేతిలోంచి తీసుకున్నారు. “కోయలో నన్న అంటే నేను. వాడు మొదటిసారే ఒప్పుకున్నాడయ్యా. నువ్వే వినలేదు” అన్నారు. ఆ సాయంత్రం నన్ను వాళ్ల ఇంటికి తీసుకెళ్లి, తండ్రి ముందు జరిగింది నా నోటితోనే చెప్పించారు. ఆ తండ్రి ఏమీ అనలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేకపోయాను.

మాస్టారికి నేను అర్పించగలిగిన నివాళి ఇంతే. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ‘నువ్వే వినలేదు’ అన్న మాటకు వివరణ.

వినడం గురించి మాట్లాడాలంటే ముందు చెప్పే పద్ధతులు చూడాలి. మనుషులు ఒకరికొకరు సంగతి చేరవేసుకునే పద్ధతులను పోల్చి చూడటం పాత పనే. దాని పూర్వాపరాలు మీకు తెలిసినవే కనుక త్వరగా దాటిపోతాను. కాంగో అడవుల్లో పనిచేసిన జాన్ కారింగ్టన్ 1949లో ఆఫ్రికాలోని ‘మాట్లాడే డోళ్ల’ మీద పుస్తకం రాశాడు. అక్కడి భాషలో స్వరం హెచ్చుతగ్గులను బట్టి అర్థం మారుతుంది కనుక, ఆ హెచ్చుతగ్గులను డోలు మీద పలికించి ఊరి నుంచి ఊరికి వాక్యాలే పంపేవారు. కెనరీ దీవుల్లోని లా గోమేరాలో లోయకు ఆవలున్న మనిషితో ఈలతో మాట్లాడతారు. దాన్ని యునెస్కో 2009లో గుర్తించింది. పెరూలో ఇంకాలు తాళ్లకు ముడులు వేసి లెక్కలు దాచారు. మన కోయ డోలు వీటికి భిన్నం. కోయలో స్వరాన్ని బట్టి అర్థం మారదు కాబట్టి డోలు మాటను అనుకరించదు. సందర్భాన్ని చెబుతుంది. చావుకో దెబ్బ, పెళ్లికో దెబ్బ, వేల్పు కొలుపుకో దెబ్బ. విన్నవాడికి ఎటు నడవాలో తెలుస్తుంది.

కోయ తెలుగుకు యాస కాదన్నదీ తేలిపోయిన సంగతే. గ్రియర్సన్ తన భారత భాషా సర్వే నాలుగో సంపుటంలో, 1906లో, దాన్ని గోండికి మాండలికంగా చూపాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961 నుంచి 2003 దాకా చేసిన పనిలో తెలుగు, గోండి, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలను ద్రావిడ భాషల్లో దక్షిణమధ్య శాఖ అనే ఒకే గుంపులో చేర్చారు. స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ము కోయకు, అంటే ఈ గోదావరి ఒడ్డు కోయకు, వ్యాకరణం రాశాడు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 4 లక్షలకు పైగా ఉన్నారు. వరసకు కోయ తెలుగుకు తోబుట్టువు. ఇంతటితో ఇది వదిలేస్తాను.

నా తగువు వేరే చోట ఉంది. ఇరవై ఏళ్లుగా ప్రతి సదస్సులోనూ, ప్రతి ప్రభుత్వ నివేదికలోనూ ఒక మాట వింటున్నాను. ‘కోయ లిపి లేని భాష.’ ఆ మాట చెప్పేవాళ్లలో చెడ్డవాళ్లు లేరు. చాలామంది జాలితో చెబుతారు. నాకు అభ్యంతరం ఆ జాలి మీదే. లిపి భాషకు ఒంట్లో అవయవం కాదు, తొడుక్కునే చొక్కా. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల తెలుగు శాసనం సుమారు 575 నాటిది. దానికి ముందు తెలుగు మాట్లాడిన తరతరాల వాళ్లను మనం మూగవాళ్లంటామా? ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి వంటివారి శ్రమతో అవి వెలుగు చూశాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. దానికి సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ‘ఇప్పుడు గోండి కూడా భాష అయింది’ అని ఒక పెద్దాయన నా పక్కన అన్నప్పుడు నా సంతోషం ఆగిపోయింది. నిన్నటిదాకా అది ఏమిటి?

ఈ తగువులో నాకు ఎదురైన అసలు వాదం ఇది. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జాక్ గూడీ 1977లో, అమెరికన్ పండితుడు వాల్టర్ ఆంగ్ 1982లో దాన్ని గట్టిగా చెప్పారు. రాత ఉంటేనే మనిషి చెప్పినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోగలడు, పోల్చగలడు, తప్పు పట్టగలడు. మాట పలుకుతుండగానే మాయమవుతుంది కనుక నోటి సంస్కృతి తనను తాను పరీక్షించుకోలేదు. ఇదీ ఆ వాదం సారాంశం. నేను రాసిన ఒక పరిశోధన పత్రాన్ని తిప్పి పంపిన సమీక్షకుడు కూడా దాదాపు ఈ మాటలే రాశాడు.

దీనికి జవాబుగా ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. మణుగూరు వైపు ఒక గూడెం. కొలుపు రాత్రి. డోలీ కోయలు, అంటే డోలు మీద కథ చెప్పేవాళ్లు, పడిగె విప్పారు. పడిగె అంటే మూడు మూలల గుడ్డ. దాని మీద మనుషులు, జంతువులు, వేల్పులు కుట్టీ, గీసీ ఉంటారు. గట్టు అంటే కోయల్లో వంశాల గుంపు. ఒక గట్టు పుట్టుక, ఇంటిపేర్లు, ఇలవేల్పు, వలసదారి అన్నీ ఆ గుడ్డలో ఉంటాయి. కోయల్లో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఏ గట్టు కథ ఆ గట్టుకే. చెప్పేవాడు బొమ్మ మీద వేలు పెట్టి కథ మొదలుపెట్టాడు. డోలు సాగింది, తాళం సాగింది. చాలాసేపటికి వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. “మా తాత ఏరు దాటింది అన్నదమ్ములతో కలిసి. నువ్వు ఒక్కణ్నే దాటించావు” అన్నాడు. డోలు ఆగింది. చెప్పేవాడు కోప్పడలేదు. వేలు నాలుగు బొమ్మలు వెనక్కి జరిపాడు. ఒక చిన్న బొమ్మ పక్కన ఇంకో చిన్న బొమ్మ ఉంది. దాన్ని చూపించి, ఇంకో ఇద్దరు పెద్దలను అడిగి, కథను అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి అన్నదమ్ములు కలిసే దాటారు.

గూడీ చెప్పిన వెనుచూపు ఇది కాదా? వేలు వెనక్కి జరిగింది. చెప్పింది పోల్చి చూశారు. తప్పు పట్టారు, దిద్దారు. అచ్చయిన పుస్తకంలో ఆ తప్పు ఉంటే దిద్దడానికి రెండో ముద్రణ దాకా ఆగాలి. ఇక్కడ డోలు ఆగినంత సేపు పట్టింది.

ఇది నా ఒక్కడి అనుభవం మీద నిలిచే మాట కాదు. రూత్ ఫినెగన్ సియెరా లియోన్‌లోని లింబా కథకుల దగ్గర పనిచేసి, 1970లో ఆఫ్రికా మౌఖిక సాహిత్యం మీద రాసిన పెద్ద గ్రంథంలో, నోటి కళలో కూడా ఆలోచన, విమర్శ, వ్యక్తిగత శిల్పం ఉంటాయని నిరూపించారు. బ్రయాన్ స్ట్రీట్ 1984లో, ఇరాన్ పల్లెల అనుభవంతో, రాతకు దానంతట దానికి ఏ మహిమా లేదని, ఎవరు ఎందుకు రాస్తున్నారన్నదే ముఖ్యమని వాదించాడు. అన్నిటికంటే బలమైన సాక్ష్యం సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ 1981లో ప్రచురించినది. లైబీరియాలోని వాయి ప్రజలకు సొంత లిపి ఉంది. దాన్ని బడికి వెళ్లకుండా ఇంట్లోనే నేర్చుకుంటారు. ఆ లిపి వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూస్తే, లిపి వల్ల ఆలోచనాశక్తి మొత్తంగా పెరిగిన జాడ కనబడలేదు. ఉత్తరం రాయడం వంటి కొన్ని నైపుణ్యాలు మాత్రం పెరిగాయి. నా సమీక్షకుడికి ఈ మూడు పుస్తకాలూ పేరుపేరునా రాసి పంపాను. జవాబు రాలేదు.

ఇక రెండో వైపు మిత్రులున్నారు. వాళ్లు నన్ను సమర్థిస్తూ ‘పడిగెయే కోయల లిపి’ అంటారు. వాళ్లతోనూ నాకు పేచీయే. ఇగ్నస్ గెల్బ్ 1952లో బొమ్మలను రాతకు ముందు మెట్టుగా చూపాడు. జాన్ డిఫ్రాన్సిస్ 1989లో మాటను పట్టుకోనిది పూర్తి రాత కాదన్నాడు. ఎలిజబెత్ బూన్, వాల్టర్ మిన్యోలో 1994లో మెక్సికో బొమ్మల గ్రంథాలను చూపించి, మాటలు లేని రాత కూడా రాతేనన్నారు. నేను ఏ పక్షానికీ చేరను. పడిగెను లిపి అన్నా, లిపికి తక్కువ అన్నా, కొలిచే గజం బద్ద లిపే అవుతోంది. పడిగె ఒక్కటే గోడకు తగిలిస్తే అది చెప్పదు. డోలు ఒక్కటే మోగితే కథ రాదు. గుడ్డ, డోలు, చెప్పే నోరు, లేచి అడ్డుపడే ముసలాయన, ఈ నాలుగూ కలిస్తేనే ఆ సంగతి చేరుతుంది. ఇందులో నాలుగోవాడిని అందరూ మరచిపోతున్నారు. నా కొలమానం వాడే. ఒక పద్ధతిలో విన్నవాడు తిరిగి మాట్లాడగలడా? ‘కాదు’ అనగలడా? అనగలిగితే అది గొప్ప పద్ధతి. లేకపోతే ఎంత అందమైన అక్షరమైనా అది హుకుమే.

ఆ నాలుగోవాడి విలువకు ఒక ఉదాహరణ. మణుగూరు మండలం కూనవరం వాసి, డోలు కథకుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చదువుకోలేదు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ డోలు మీద చెప్పేవారు. 2024లో ఆయన పోయినప్పుడు ఆయన గొంతును రికార్డు చేసుకోవాల్సిందని చాలామంది బాధపడ్డారు. నా బాధ ఇంకొకటి. గొంతును దాచుకున్నా, ఆయన్ను ఆపి ప్రశ్నించగలిగిన వినేవాళ్లను ఎక్కడ దాచుకుంటాం?

అందుకే ఇప్పుడు చేస్తున్న పని గురించి చెప్పి ముగిస్తాను. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తెచ్చింది. మంచి పని. కానీ ఆ పుస్తకాలు పిల్లల చేతికి వెళ్లాయి. వినాల్సినవాళ్లం మనం. మా చిన్న బృందం ఒక పట్టిక తయారుచేస్తోంది. తెలుగు చెవికి తెలిసిన మాటలాగే వినబడి, కోయలో వేరే అర్థమిచ్చే మాటల పట్టిక అది. కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు. పిల్ల ‘ఏరు’ అంటే దాహమేసిందని. పంతులమ్మ వాగు దగ్గరికి వెళ్తానంటోందనుకుని కూర్చోమంటుంది. ‘లోను’ అంటే ఇల్లు. ఆసుపత్రిలో పెద్దావిడ ‘లోను’ అంటే ఇంటికి వెళ్లాలని. నర్సమ్మ ‘లోపలే ఉన్నావు కదా’ అంటుంది. ఇలాంటి వాటిలో కొన్ని, మూలం ఒకటే అయినా అర్థాలు దారి మళ్లిన మాటలు. తోబుట్టువులు కాబట్టే ఈ పొరపాట్లు.

పట్టికను అచ్చు వేయకముందు గూడెం గూడెంలో చదివి వినిపిస్తాం. పెద్దలు లేచి కాదంటే దిద్దుతాం. గొమ్ము కోయ మాట గుట్ట కోయకు వేరైతే రెండూ రాస్తాం. 2014లో ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక ఒకే గట్టు బంధువులు రెండు రాష్ట్రాల్లో పడ్డారు. కాబట్టి ఆ మండలాల్లోని చింతూరు, కూనవరం (మణుగూరు దగ్గరి కూనవరం కాదు), వర రామచంద్రపురం వైపు కూడా వెళ్తాం. ఇప్పటికే కుర్రాళ్లు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి తమ మాటలు పంపుతున్నారు. వాళ్లకు లిపి అడ్డం రాలేదు.

ఈ సభలో టీచర్లున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, బస్సు కండక్టర్లున్నారు, ఫారెస్టు సిబ్బంది ఉన్నారు. మీరు తప్పుగా విన్న కోయ మాట ఒక్కటి గుర్తుచేసుకోండి. ఏ ఊళ్లో, ఎవరు ఏ సందర్భంలో అన్నారో, మీరేమనుకున్నారో చెప్పండి. సిగ్గుపడకండి. పట్టికలో మొదటి మాట నేనే రాశాను. ‘నన్న: నేను.’ ఎదురుగా, తప్పుగా విన్నవాడు అన్న గడిలో నా పేరు ఉంది.