తాళం వేసిన బీరువా గ్రంథాలయం కాదు

(షేక్‌పేటలో సాహిత్యాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెట్టుకున్నం. తలా ఇన్ని పుస్తకాలు జమ చేసుకున్నం. వాటిని ఇండ్లకు ఇవ్వాల్నా, ఇక్కడనే కూసోని చదువుకొమ్మనాల్నా అన్నది ఇయ్యాళ మన ముందరున్న ప్రశ్న. ఇస్తే తిరిగి రావని కొందరి భయం. ఆ భయం వట్టిదేం కాదు. అయినా మా జవాబు ఒక్కటే: ఇవ్వాలె. తెలంగాణకు సోయి తెచ్చింది ఇంటికి పోయిన పుస్తకమే.

చరిత్ర ఒక్కసారి యాది చేసుకుందాం. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజార్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి వెన్నుదన్ను. అప్పుడు కచేరిలో ఉర్దూ, సర్కారు బడిలో ఉర్దూ. తెలుగు ఇంటి మాటగనే మిగిలింది. ఆ మాటలో చదువుకోవాలంటే పుస్తకం ఎక్కడ దొరుకుతది? గ్రంథాలయంలో దొరికింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1906లో హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. చరిత్ర, శాస్త్ర విషయాలు తెలుగులో అచ్చేసుడు దాని పని.

ఆ తర్వాత గస్తీ నిషాన్ 53 వచ్చింది. సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలె. నలుగురు ఒక్క దగ్గర కూడి మాట్లాడుడే నేరమైన రోజులవి. కాని ఒక మనిషి తన ఇంట్లో దీపం ముందర పుస్తకం తెరిస్తే దానికి ఏ అనుమతి కావాలె? పదిమందిని ఒక్కచోటికి పిలువలేని కాలంలో ఒక్క పుస్తకమే పది ఇండ్లు తిరిగింది. ఆంధ్ర మహాసభకు, ఆ తర్వాతి పోరాటాలకు చదివిన మనుషులు ఇట్లనే తయారైండ్రు.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి చూడండి. వంటపని చేసి బతికినోడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినోడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. పుస్తకాల మూట మోసుకొని మనుషుల దగ్గరికే పోయిండు. చదివేటోడు రావాలని దుకాణంలో కూసోలేదు. ఆయన అమ్మిండు, మనం అరువిస్తం. తేడా అంతే, దారి మాత్రం అదే.

ఇంకో సంగతి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒక పెద్దమనిషి రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి తిట్లతోని జవాబు చెప్పలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మంది కవులను చూపిండు. ఆ సంచికలోని కవుల్లో ఎంతమంది పుస్తకాలు ఇయ్యాళ మన చేతికి అందుతున్నయి? అచ్చు కాని పుస్తకం, అచ్చయినా దొరకని పుస్తకం, దొరికినా బీరువాలో తాళమేసిన పుస్తకం, మూడూ ఒక్కటే. చదివేటోనికి అవి లేనట్టే.

మరి షేక్‌పేటలోనే ఎందుకంటరా? కుతుబ్‌షాహీల కాలపు మసీదు, సరాయి ఉన్న ఊరు ఇది. ఈ పక్కనే ఫిలింనగర్, జూబ్లీహిల్స్. తెలుగు సినిమా తయారయ్యేది ఈ గుట్టల మీదనే. గుట్టల కింద బస్తీల్లో మాట్లాడే యాసను సినిమా ఏండ్ల తరబడి రౌడీకి, నవ్వులాటకే ఇచ్చింది. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' వచ్చినంక మన మాట హీరోయిన్ నోట, పల్లె ఇంట్ల చావు దుఃఖం నోట వినపడ్డది. సంతోషం. కాని సినిమా కంటే ఎంతో ముందుగనే పాకాల యశోదారెడ్డి ఈ మాటను కథల్లో నిండుగ నిలబెట్టింది. కాళోజీ కవిత్వంలో నిలబెట్టిండు. మన పిల్లలకు సినిమా తెలిసి, ఈ పుస్తకాలు తెలవకపోతే ఆ లోటు ఎవరిది? చేతికి ఇయ్యనోళ్లదే.

ఇగ నడిపే పద్ధతి. మేము అనుకుంటున్నది ఇది.

మొదటిది, డిపాజిట్ వద్దు. కూలికి పొయ్యేటోళ్ల బిడ్డ డిపాజిట్ మాట వినంగనే గడప కాడనే ఆగిపోతది. తెలిసిన ఒక సభ్యుని పూచీ చాలు. రిజిస్టర్‌లో పేరు, పుస్తకం, తేదీ, పూచీపడ్డోళ్ల సంతకం ఉండాలె.

రెండోది, మళ్ల దొరకని పుస్తకం రెండు ప్రతులుంటెనే ఒకటి బయటికి పోవాలె. ఒక్కటే ఉంటే ఇక్కడనే చదువుకోవాలె. భయానికి మందు ఇది, తాళం కాదు.

మూడోది, వేళ. ఉద్యోగులు, విద్యార్థులు పగలు రాలేరు. పొద్దుగూకినంక రెండు గంటలు, ఆదివారం పొద్దంతా తెరవాలె. రెండు వారాల గడువు దాటితే జరిమానా కాదు, మనిషి ఇంటికి పోవాలె. "చదివిండ్రా, ఎట్లున్నది?" అని ముందు అడగాలె, పుస్తకం తర్వాత అడగాలె. పోగొట్టినోళ్లు ఇంకో పుస్తకం తెచ్చిస్తే చాలు.

నాలుగోది, ఉర్దూ. ఈ గల్లీల్లో ఉర్దూ చదివేటోళ్లు ఎందరో ఉన్నరు. మఖ్దూం మొహియుద్దీన్ కవిత్వం తెలుగు పుస్తకాల పక్కనే ఉండాలె. గాలిబ్‌ను తెలుగు చేసింది మన దాశరథే. రాజభాషగ ఉర్దూ మీద అప్పుడున్న కోపం పొరుగింటి ఉర్దూ మీద ఉండకూడదు.

ఐదోది, నెలనెలా కూసునే సాహిత్య గోష్ఠి. అక్కడ ముందు మాట్లాడాల్సింది విమర్శకుడు కాదు, పుస్తకం ఇంటికి తీసుకపోయి చదివిన మనిషి. ఇంటర్ చదివే పిల్ల కావొచ్చు, బస్సు డ్రైవర్ కావొచ్చు. వాళ్లకు ఏం నచ్చింది, ఏడ కథ సాగలేదు, ఏ మాట తమ అవ్వను యాది చేసింది, అది వినాలె. పండితులు తర్వాత మాట్లాడొచ్చు.

చివరిది హక్కు సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను కట్టేటోళ్ల దగ్గర రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలైతది. ఆ పైసలు మనవి. గ్రంథాలయ సంస్థకు పూర్తిగ, టైముకు చేరుతున్నయా, మన బస్తీకి ఏం వచ్చింది అని రాతపూర్వకంగ అడగాలె. మనం నడిపే గ్రంథాలయం సర్కారు బాధ్యతకు బదులు కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, కాని అడిగే పని పోలేదు. పరాయి పాలనను అడిగినోళ్లం, మన పాలనను అడగడానికి మొహమాటమెందుకు?

ఈ సభ అయినంక రిజిస్టర్ ఈ బల్ల మీదనే ఉంటది. ఒక్కొక్కరు ఒక్క పుస్తకం రాయించుకొని పోండి. తిరిగి తెచ్చేటప్పుడు ఇంకొకరిని ఎంటవెట్టుకొని రండి.

జై తెలంగాణ.