సరస్సు మీద నగరం

ఈనాటి మెక్సికో సిటీలో చాలా భాగం ఒకప్పుడు సరస్సు. అవును, సరస్సే! పేరు టెస్కోకో. దాని మధ్య దీవిలో అజ్‌టెక్‌లు తమ రాజధాని టెనోచ్‌టిట్లాన్ కట్టుకున్నారు. రాకపోకలు పడవల్లో, కట్టల మీద. లోతు తక్కువ చోట బురద ఎత్తిపోసి, మడులు చేసి మొక్కజొన్న పండించారు. ఆ మడులే చినాంపాలు. ఉప్పునీరు మంచినీటిలో కలవకుండా పొడవాటి అడ్డుకట్ట కూడా వేశారు. నీటితో బతకడం వాళ్లకు తెలుసు.

1521లో నగరాన్ని గెలిచిన స్పెయిన్ వాళ్లకు ఆ విద్య అబ్బలేదు. 1629 వరదకు నగరం ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉంది. వాళ్ల విరుగుడేమిటంటారా? సరస్సునే ఖాళీ చేయడం! శతాబ్దాలపాటు కాలువలు తవ్వారు, నీరు పోయింది. ఇప్పుడు భూగర్భజలం తోడేకొద్దీ ఆ మెత్తని నేల కుంగిపోతోంది. నగరంలోని షోచిమిల్కో ప్రాంతంలో మాత్రం చినాంపాల మీద నేటికీ పంట పండుతోంది.